వేలు పెట్టనివ్వని చదువు

ఏటా క్రిస్మస్‌లోగా బైబిలు మొత్తం చదవడం నా అలవాటు. కళ్లు మసకబారాక ఒక ఏడు అది తప్పేలా ఉంది. పలాసలో ఇంటర్నెట్ షాపు నడిపే మేనకోడలు, తన షాపు కంప్యూటర్లో, తెర మీద ఒక్కో మాటనే పెద్దగా, వెంటవెంటనే చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టింది.

"ఇలాగైతే నెలలో అయిపోద్దత్తా."

అక్షరాలు బాగానే కనిపించాయి. కానీ మా చర్చి సంఘంలో ఆడవాళ్లం వాక్యం కింద వేలు పెట్టి, ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి చదువుతాం. ఇక్కడ వేలు పెట్టేసరికి ఆ మాట పోయి ఇంకోటి వచ్చేది. ఒక కీర్తన అయ్యాక చూసుకుంటే ఏమీ గుర్తులేదు.

"ఏటత్తా, ఆపేసినావు?"

"నౌపడలో ఆగని రైల్లోంచి బోర్డు సదివినట్టుందే. దీన్ని సదివినట్టు లెక్కేసుకోలేను."

అలిసిపోయి ఇంటికొచ్చాను. భూతద్దంతో రోజుకు కొంచెమే సాగింది. ఆ క్రిస్మస్‌కి బైబిలు సగంలో, కీర్తనల దగ్గరే ఉన్నాను.