కండెగాడి గంజి

నిన్న పొద్దున మా ఇంట్లో కుక్కర్ రబ్బరు తెగిపోయింది. కోడలు విసుక్కుంటూ అటక మీది ఇత్తడి గిన్నె దించి, ఎసరు పెట్టి, నేను చెబుతుంటే ఎన్నాళ్లకో గంజి వార్చింది. వేడి గంజి వాసన వంటింట్లోంచి నేను కూర్చున్న వరండా దాకా వచ్చింది. ఈ కాలం పిల్లలకు అదొక వాసనే కాదు. నాకు మాత్రం దాని వెనకాలే తడిసిన పట్టు వాసన, ఆ వెనక ఒక కుక్క ఒంటి వాసన వచ్చి ముక్కు దగ్గర నిలబడ్డాయి.

నేను కుక్కల్ని ఒళ్లో పెట్టుకుని ముద్దుచేసే మనిషిని కాను. మా వీధిలో ఇప్పుడు కుక్కకు కూడా పుట్టినరోజు చేసి కేకు కోస్తున్నారు. చూసి మొహం తిప్పుకుంటాను. తిన్న తిండికి పని చేయాలి, మనిషైనా కుక్కైనా. అట్లాంటి ఇంట్లో పెరిగినదాన్ని.

ధర్మవరంలో మా ఇల్లంటే అప్పట్లో మగ్గం చుట్టూ లేపిన గోడలు, అంతే. నడింట్లో మగ్గం గుంత, గుంతలోకి కాళ్లు దించి గట్టున నాయన, నాయన పక్కన అంచు పోగును అటూ ఇటూ దాటించే నాడె అందించే నేను. మూడో తరగతిలో బడి మాన్పించి నన్ను ఆ గట్టు మీద కూర్చోబెట్టారు. అమ్మ రాట్నం ముందు నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టేది. నాయన తల్లి, మా అవ్వ, ఇంటికంతటికీ పెద్ద. ఆమె చేతిలోంచి ఏదీ ఊరికే జారేది కాదు. చెనక్కాయ పొట్టు పొయ్యిలోకి, చింతపండు పిప్పి చెంబులు తోమడానికి, తెగిన పట్టు పోగులు రేకు డబ్బాలోకి. పోగుల డబ్బా నిండితే కొనేవాడు వచ్చేవాడు.

పడుగుకు గంజి పెట్టే రోజున తూర్పు తెల్లబడకముందే వీధి లేచేది. వీధి పొడవునా పడుగు, అంటే చీరకు నిలువునా వచ్చే పోగులు, చాపి, అటూ ఇటూ నిలబడి, పలుచటి బియ్యపు గంజిని పోగుపోగుకూ పట్టించేవాళ్లు. ఎండ ముదిరేలోగా పని ముగియాలి. మిరపపండు ఎరుపు, నెమలికంఠం నీలం, మామిడాకు పచ్చ. ఆ రంగుల కింద నుంచి పిల్లలం వంగి పరుగెత్తేవాళ్లం, తల తగిలితే వీపు మోగేది. ఎవరి పడుగైనా సరే, చివరికి మిగిలిన గంజి మా అవ్వ కుండలోకి చేరేది. వీధి ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. అవ్వకు పట్టదు.

ఆ గంజి వల్లే మా ఇంట్లో కుక్క నిలిచింది. మా మేనమామది హిందూపురం. ఒకసారి ఇటు వస్తూ పెనుకొండ కొండ కింద గొర్రెల మంద దగ్గర ఆగి, సంచిలో ఒక కుక్కపిల్లను వేసుకొచ్చాడు.

"కావలికి ఉంటాదక్కా. దుడ్లేం ఇయ్యలేదు, ఊరకే ఇచ్చినారు" అన్నాడు అమ్మతో.

"ఊరకే వచ్చినదానికీ కడుపుంటాది గదప్పా!" అంది అవ్వ. తర్వాత కుండ వైపు చూసింది, కుక్కపిల్ల వైపు చూసింది. "సర్లే, గంజి ఉండాది గదా."

వచ్చిన పూటే అది అమ్మ చుట్టిన కండెను నోట కరుచుకుని ఇల్లంతా పరుగెత్తి, దారాన్ని గడప దాకా పరిచింది. నాయన నవ్వి కండెగాడని పేరు పెట్టాడు. చెనక్కాయల కాలంలో రామగిరి వైపు నుంచి బండ్ల మీద మట్టి వాసనతో కాయలు వచ్చేవి. ఉప్పేసి ఉడకబెట్టి అరుగు మీద కూర్చుంటే, కండెగాడు కాయను పళ్ల మధ్య పట్టి పొట్టు ఉమ్మేసి పప్పు తినేవాడు. అరుగు మీద గచ్చకాయలాడుతుంటే ఎగరేసిన కాయను మాకంటే ముందు వాడే అందుకునేవాడు. ఉగాదికి ఓళిగలు, అదే బొబ్బట్లు, కాలుస్తుంటే మాత్రం వంటింటి గడప దాటేవాడు కాదు. అవ్వ చూపు అట్లాంటిది.

వాడి గంజి వాడికి కొళాయి పక్కన రాతి తొట్టిలో, ఉప్పు కలిపి, రెండు పూటలా. గంజిలో పడిన తెగిన పోగులు ఏరడం అవ్వ పని. వేళ్లతో కలిపి కలిపి చూసి, దొరికిన పోగును నీళ్లు పిండి రేకు డబ్బాలో వేసి, ఆ తర్వాతే తొట్టిలో పోసేది. ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు. కంట్లో పొర కమ్మి సూదిలో దారం ఎక్కించడం మానేసిన తర్వాత కూడా ఇవ్వలేదు. అడిగే ధైర్యం మాలో ఎవరికుంది?

శివరాత్రి పోయి ఎండలు ముదురుతున్నప్పుడు వాడు తిండి మానేశాడు. తిన్న కాస్తా కక్కేవాడు. వీపు విల్లులా వంచి నిలబడేవాడు. తర్వాత నిలబడటమూ చాతకాక, తనంతట తనే మగ్గం గుంతలోకి దిగి, చల్లటి మట్టి మీద పడుకున్నాడు. నాయన లేపలేదు. పెళ్లివాళ్లు అడిగిన మిరపపండు చీర మగ్గం మీద ఉంది, పని ఆపడానికి లేదు. కాలు ఒక పక్కకు పెట్టి, తొక్కుడు కర్రను మెల్లగా తొక్కుతూ నేసేవాడు. కర్ర కిందికి వచ్చినప్పుడల్లా కండెగాడి తోక ఒకసారి కదిలేది.

ఇల్లంతా వాడి చుట్టూ తిరిగింది. అమ్మ తడిగుడ్డ పరిచి, ఆరితే మళ్లీ తడిపేది. అవ్వ తన పెట్టె తెరిచి, నాకూ నాకు ముందు నాయనకూ పాలు పోసిన ఉగ్గుగిన్నె తీసిచ్చింది.

"పోయండి. జబ్బు మనిషికైనా గొడ్డుకైనా గంజిని మించిన మందు లేదు."

నేను గుంతలోకి దిగి, వాడి దవడ పక్కకు లాగి, కొంచెం కొంచెంగా పోసేదాన్ని. వీధంతా అదే మాట చెప్పింది: గంజి తాగితే లేస్తాడు. మామ వచ్చి చూసి, "రాగులు కాచి పోయండత్తా, బలమొస్తాది" అన్నాడు.

"కాచిన గంజి ఇంట్లో ఉండంగా రాగులు కాస్తారా? మీ హిందూపురంలో దుడ్లెక్కువైనాయా ఏంది?" అంది అవ్వ. రోజుకు రెండు పూటలు పోసేది పోయి నాలుగు పూటలైంది.

ఒక పొద్దున నాయన వాడి మూతి తుడుస్తుంటే నాలుక కింద ఎర్రగా ఏదో కనిపించింది. రక్తమనుకున్నాడు. వేలితో పట్టుకుంటే పోగు. మెల్లగా లాగాడు. వచ్చింది. ఇంకా వచ్చింది. ఎరుపు పోగుకు నీలం చుట్టుకుని, నీలానికి పచ్చ చుట్టుకుని, గంజితో బిరుసెక్కి తాడులా వస్తూ ఉంది. లోపల ఎక్కడో పట్టేసింది. వాడు ఎప్పుడూ ఏడవని విధంగా ఏడ్చాడు. నాయన లాగడం ఆపి, పోగులు కత్తిరించే చిన్న కత్తెరతో అక్కడికి తెంపాడు.

గట్టు మీది నుంచి అవ్వ వంగింది. "ఏం పోగురా అది? యాడిది?"

నాయన కత్తెరను గట్టు మీద పెట్టాడు.

"మన వీధిదేలేమ్మా" అన్నాడు.

అవ్వ చేయి చాపింది. నాయన ఆ ముక్క ఆమె చేతిలో పెట్టాడు. చూపు ఆనక వేళ్ల మధ్య నలిపి చూసుకుంది. ఆమెకు అర్థమైందని మాకందరికీ తెలిసింది.

నాయన వాడిని పాత దుప్పటిలో చుట్టి పశువుల ఆసుపత్రికి ఎత్తుకుపోయాడు, వెనక నేను. వీధి మూలమీది అంగడాయన ఊరుకోలేదు. "ఏమప్పా, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోని పోతాండావు? పట్టుచీర కప్పకపోయినావా?"

"తిన్నాడులేప్పా, కావాల్సినంత పట్టు" అన్నాడు నాయన.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. పేగుల్లో దారం బిగుసుకుంది, కోసి తీయాలి, అది పెద్ద ఊళ్లోనే అవుతుంది, అంత దూరం ఈ కుక్క తట్టుకోదు అన్నాడు. ఇంటికి తీసుకుపోండి, నీళ్లు తాగితే పోయండి అన్నాడు.

మేం వచ్చేసరికి అవ్వ గంజి కుండను వీధి కాలువలోకి వంచుతోంది. ఆమె ఒక వస్తువును పారబోయడం నేను చూసింది ఆ ఒక్కసారే. కుండ ఖాళీ అయ్యాక నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు కూడా పారబోసింది.

ఆ తర్వాత చేసిందంతా చేయడానికే చేశాం. గుడ్డ తడిపాం. నీళ్లు పోశాం, పోసిన నీళ్లు పక్కకు కారిపోయాయి. వాడు లేస్తాడని ఎవరమూ అనలేదు. ఎవరింట్లో పడుగుకు గంజి పెట్టినా అవ్వ కుండ పట్టుకుని వెళ్లలేదు. ఒక మధ్యాహ్నం నాయన తొక్కుడు కర్ర తొక్కి, మళ్లీ కాలు ఎత్తి, దించకుండా అట్లాగే ఉండిపోయాడు. నాడె పడుగు నడుమ ఆగింది. తోక కదల్లేదని నాకూ తెలిసింది.

ఊరి బయట వంక గట్టున పూడ్చిపెట్టి వచ్చాక అమ్మ ఉగ్గుగిన్నెను ఏం చేయాలో తెలియక పట్టుకుని నిలబడింది.

"బూడిదతో తోమి పెట్టెలో పెట్టు. బిడ్డలకు పోసిందే దానికీ పోసినాం" అంది అవ్వ. ఆ విషయం మీద ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే. ఎర్ర చీర పెళ్లికి వెళ్లింది. చాలా బాగుందన్నారట.

ఇప్పుడు మా వీధిలో పడుగు చాపే చోటు లేదు, మోటారు సైకిళ్లు నిలబడి ఉంటాయి. పవర్‌లూమ్ చప్పుడు వెనక వీధుల్లోంచి వస్తుంది. పెళ్లయ్యాక కూడా నేను ఈ ఇంట్లోనే ఉండిపోయాను. మా గుంతను సిమెంటుతో పూడ్చి, దాని మీద సోఫా వేశారు. చెనక్కాయ పొట్టు ఉమ్మే కుక్కను మళ్లీ చూడలేదు. రాతి తొట్టి మాత్రం కొళాయి పక్కనే ఉంది, పారేయనివ్వలేదు.

నిన్న కోడలు గంజిని సింకులో పోయబోతుంటే ఆపాను. గేటు దగ్గర ఊరకుక్క ఒకటి కూర్చుని ఉంది. టీ వడబోసే జల్లెడ తెమ్మన్నాను.

"కుక్కకు పోసేదానికి వడగట్టేదేంటికత్తా?" అంది.

"నీకెందుకు, పట్టుకో."

తొట్టి మీద జల్లెడ పట్టి గంజంతా పోశాను. అద్దాలు సర్దుకుని, జల్లెడను వెలుతురుకు ఎత్తి చూశాను. వేలితో తడిమాను కూడా. ఏమీ లేదు. ఈ ఇంట్లో పోగనేది లేక ఎన్నేళ్లయిందో.