చోటు మారిన చర్చి, అటక మీది మట్టలు

పెందుర్తి దాటాక కొండ పాదంలో కొత్తగా వేసిన ఒక లేఅవుట్‌కి వెళ్లి, అక్కడి చెక్క చర్చిని చూసి రమ్మని మా ఆఫీసులో చెప్పినప్పుడు నాకు ఒకటే సందేహం వచ్చింది. చెక్క చర్చి కొండ పాదానికి ఎందుకు వెళ్లింది? జవాబు ఫైల్లోనే ఉంది. పోర్టు వైపు రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ పాత చర్చి దారికి అడ్డమైంది. కూల్చడానికి ఎవరికీ మనసొప్పలేదు. లేఅవుట్ యజమాని దాన్ని పలక పలకా విప్పించి, లారీల్లో తెప్పించి, తన పార్కు పక్కన మళ్లీ నిలబెట్టించాడు. బ్రోషర్‌లో దాని ఫొటో క్లబ్‌హౌస్ ఫొటో కన్నా పెద్దది.

నిరుడు వేసవిలో కొండ మీద గడ్డి అంటుకుని, మంట కంచె దాకా దిగొచ్చి, పార్కులోని వెదురు మండపాన్ని కాల్చేసింది. చర్చికి ఏమీ కాలేదు గానీ యజమానికి నిద్ర కరువైంది. అగ్నిప్రమాదాలకి అవకాశం ఎంతో అంచనా వేయడం మా సంస్థ పని. అలా నాకు ఈ ప్రయాణం తగిలింది.

ఆదివారం పొద్దున్న రాజమండ్రిలో బండెక్కాను. సామర్లకోటలో ఇడ్లీ తిన్నాను, తునిలో టీ తాగాను. రెండింటిలో టీ ఒక్కటే వేడిగా ఉంది. విశాఖలో దిగేసరికి పదకొండున్నర దాటింది. అక్కణ్ణుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి ఆటో, కాంప్లెక్స్‌లో పెందుర్తి సిటీ బస్సు. వెళ్లేవాళ్లు బస్సు కాంప్లెక్స్‌లోనే ఎక్కడం మంచిది, ఎన్.ఎ.డి. జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి నిలబడడానికి కూడా చోటుండదు. మధ్యాహ్నం పూట కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు.

నా పక్క సీటాయన ఒళ్లో మేకల మందు సీసా పెట్టుకున్నాడు. నేనెందుకు వచ్చానో గోపాలపట్నం రాకముందే నా చేత చెప్పించేశాడు.

“కొండ కాలకుండా సూడ్డానికొచ్చేవా బాబూ?”

“కొండ కాదండి. కొండ కింద చర్చి.”

“కొండ కాలకపోతే మేకలకి లేత గడ్డెలాగొత్తాది? మావోల్లు ఈ వారంలోనే ఎలిగిత్తారు.”

“ఏ రోజు?”

“గాలి బాగున్న రోజు.”

గాలి బాగుండటం అంటే మా లెక్కలో గాలి లేకపోవడం. ఆయన లెక్కలో గట్టిగా వీయడం. ఆ సంగతి తెలిశాక వేపగుంట నుంచి పెందుర్తి దాకా చెట్ల కొమ్మలు ఎంత ఊగుతున్నాయో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

పెందుర్తి జంక్షన్‌లో లేఅవుట్ మేనేజర్ రమణ మోటార్ సైకిల్‌తో ఎదురుచూస్తున్నాడు. పది నిమిషాల్లో చర్చి ముందు దింపాడు. నిజంగా అందమైన కట్టడం. టేకు పలకల గోడలు, ఏటవాలు పెంకుల కప్పు, గుమ్మం పైన చిన్న గంట. నేను చూడాల్సింది మాత్రం దాని చుట్టూ ఉంది. గోడ పొడుగునా నడుమెత్తు అలంకారపు గడ్డి, పూర్తిగా ఎండిపోయి. గోడకే మేకులు కొట్టి బిగించిన వెదురు కంచె. కప్పు అంచున పేరుకున్న యూకలిప్టస్ ఆకులు. ఒక మూల మంటలార్పేందుకు నీళ్లిచ్చే ఎర్రటి హైడ్రెంట్ కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

“నీళ్ల ఒత్తిడి ఎంత వస్తుంది?” అన్నాను.

“అది బొమ్మ సార్. ఫైబర్‌ది. అందరూ పక్కన నిలబడి ఫొటోలు దిగతారు.”

అలాంటి చోట్ల మంట నడుచుకుంటూ గోడ దాకా రానక్కర్లేదని రమణకి చెప్పాను. కొండ మీద కాలిన గడ్డి నుంచి నిప్పురవ్వలు గాలికి ఎగిరి, ముందే వచ్చేస్తాయి. గోడ పక్క గడ్డిలో ఒకటి పడినా చాలు. గాలి కోసం పెట్టిన సందుల్లోంచి అటకలోకి ఒకటి దూరినా చాలు. పోర్టు దగ్గర ఉన్నన్నాళ్లూ ఆ చర్చికి ఉప్పుగాలి, చెదలు తప్ప వేరే శత్రువు లేదు. కొండ సంగతి దానికి తెలీదు, తెచ్చినవాళ్లకీ తెలీదు.

“అటకలో ఏముంది?” అని అడిగాను.

రమణ మెట్ల మీద కూర్చున్న పెద్దాయన వైపు చూశాడు. ఆయన ఏసుపాదం గారు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. చర్చి సంఘానికి పెద్ద. చర్చిని విప్పినప్పుడు ప్రతి పలక మీదా నంబరు వేసింది ఆయనే. తూర్పు కిటికీ పడమటికి, పడమటి కిటికీ తూర్పుకి వచ్చాయని రమణ అంటాడు. మొదటి నుంచీ అంతేనని ఆయన అంటారు.

“అటకలో ఏటుంటాది బాబూ, మట్టలు,” అన్నారు.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. తల దూర్చి, వెంటనే దిగాను. కప్పు కింద మోపులు మోపులుగా ఎండు ఈత మట్టలు. ఏటా ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు ప్రార్థనలో పట్టుకున్న మట్టని ఇంట్లో గోడకి గుచ్చుకుంటారు. మరుసటేడు కొత్తది వచ్చాక పాతదాన్ని చెత్తలో వేయడానికి చేతులు రావు. తెచ్చి చర్చికి ఇస్తారు. చర్చి అటకకి ఇస్తుంది.

“చర్చితో పాటు ఇవి కూడా పోర్టు నుంచి తెచ్చారా?”

“మరి? చర్చి రెండు లారీల్లో వొచ్చింది. మట్టలకి మూడో లారీ కట్టించేను.”

అంటే ఎండుగడ్డి మధ్య చెక్క పెట్టె, ఆ పెట్టె నెత్తిన ఎండు మట్టలు. ఇవి తీస్తే తప్ప ఇక్కడ జనాన్ని కూర్చోబెట్టవచ్చని నేను రాయలేనని చెప్పాను. ఏసుపాదం గారి ముఖం మారిపోయింది. అసలు సంగతి అప్పుడు బయటపడింది. మంగళవారం సాయంత్రం అదే చర్చిలో ఆయన కూతురు సుజాత పెళ్లి. నా ఉత్తరం లేకుండా తలుపు తీయొద్దని యజమాని ఆర్డరు. బుధవారం నుంచి శ్రమదినాల ఉపవాసాలు, ఈస్టర్ దాకా పెళ్లిళ్లుండవు. పెళ్లికొడుకు ఓడలో ఇంజనీరు, గురువారం ఎక్కితే మళ్లీ దిగేది చలికాలంలోనే.

“నా పెళ్లి ఇందులోనే అయ్యింది. నా పిల్లది ఫంక్షన్ హాల్లో ఎలాగ సేత్తాను బాబూ?”

“మట్టలు తీసేస్తే ఇందులోనే చేయండి.”

“తీసి? దేవుడి మట్టలు మున్సిపాలిటీ బండిలో ఎయ్యమంతన్నావా?”

“కాల్చేయండి, మైదానంలో.”

“కాల్సడం కేతలిక్కుల పద్ధతి. మేం కాల్సం.”

ఈ మాట అన్నప్పుడు వెనక ఒక కేథలిక్కు ఉన్నారని ఆయన చూసుకోలేదు. పూలవాడితో బేరం తేల్చడానికి సీతమ్మధార నుంచి వచ్చిన రాజమణి గారు, పెళ్లికొడుకు తల్లి. రిటైర్డ్ నర్సు. ఆవిడ నిచ్చెన ఎక్కి చూసి, తీరిగ్గా దిగి, చెంగు దులుపుకున్నారు.

“అన్నయ్యగారూ, బూడిద బుధవారం నాడు కాల్సి నుదుట బూడిద పెట్టడానికి పాత మట్టలు చాల్లేవని మా ఫాదరు గారు ఇంటింటికీ అడగతన్నారు. ఇక్కడ సూత్తే విశాఖపట్నం మొత్తం నుదుళ్లకి సరిపోద్ది.”

“మా మట్టలు మీ గుడికా సెల్లెమ్మా?”

“పిల్లనిత్తన్నారు. మట్టలియ్యరా?”

ఏసుపాదం గారు సరేనన్నారు. కానీ ఒక షరతు పెట్టారు. చెత్తలా పారేసినట్టు కాకుండా, తెల్లగుడ్డ కప్పి, పాట పాడుతూ పంపాలి.

ఆ రాత్రి పెందుర్తి జంక్షన్‌లోని లాడ్జిలో దిగాను. గది శుభ్రంగా ఉంది, ఫ్యాను మాత్రం తిరిగిన దానికన్నా మాట్లాడింది ఎక్కువ. సోమవారం పొద్దున్న చిన్న వ్యాన్‌లో తెల్లదుప్పటి కింద మట్టలు, వెనక ఏసుపాదం గారూ సంఘంవాళ్లూ పాడుకుంటూ గేటు దాకా నడిచారు. విల్లాల్లోంచి జనం బయటికొచ్చి, పోయిందెవరని రమణని చాటుగా అడిగారు. తర్వాత నా పని. గడ్డి కోయించి, కంచె గోడ నుంచి ఊడబీకించి, కప్పు మీది ఆకులు తుడిపించి, గాలి సందులకి సన్నటి ఇనప జాలీ కొట్టించాను. చర్చి చుట్టూ ఐదడుగుల వెడల్పున కంకర పరిపించాను. పచ్చదనం చూసి ఇళ్లు కొంటున్నవాళ్లకి ఈ కంకర ఏమని చెప్పాలని రమణ అడిగాడు. జపాన్ తోట అని చెప్పమన్నాను. పార్కు కొళాయికి పొడుగాటి పైపు బిగించి చూశాక మంగళవారం పొద్దున్న ఉత్తరం రాసిచ్చాను. సాయంత్రం నన్నూ పెళ్లికి ఉండమన్నారు.

నాలుగింటికి గాలి బాగుంది. బస్సులో మేకలాయన చెప్పిన అర్థంలో.

లోపల పాస్టరు గారు, ఫాదరు గారు చెరో పక్క నిలబడి ప్రమాణాలు చేయిస్తున్నప్పుడు కొండ మీంచి పొగ లేచింది. నేను బయటికొచ్చి పైపు పట్టుకున్నాను, రమణ కొళాయి పట్టుకున్నాడు. ఎర్రటి రవ్వలు మిణుగురుల్లా కంచె దాటి వచ్చాయి. కంకర మీద పడినవి పడినట్టే నల్లబడ్డాయి. ఒకటి సరిగ్గా అటక జాలీకి తగిలి, కాసేపు వెలిగి, ఆరిపోయింది. నేను పెంకులు తడుపుతుంటే ఫొటోగ్రాఫర్ పరుగెత్తుకొచ్చాడు.

“సార్, ఈ పొగ ఇంకో ఐదు నిమిషాలుంటాదా? జంట బయటికొత్తన్నారు. బ్యాక్‌గ్రౌండ్ అదిరిపోతంది.”

వెనకే ఏసుపాదం గారు వచ్చారు. కొండని చూసి, జాలీ మీది నల్ల మచ్చని చూసి, నన్ను చూశారు.

“మట్టలు పైనే ఉండుంటే?”

నేను పైపు దించలేదు. ఆయన లోపలికెళ్లి గంట కొట్టించారు. పొగ ముందు నిలబడి దిగిన ఆ ఫొటో కొత్త బ్రోషర్‌లో వేస్తారట.

బుధవారం మధ్యాహ్నం నా తిరుగు బండి. కోవా, జంతికల పొట్లం ఇవ్వడానికి ఏసుపాదం గారు స్టేషన్‌కి వచ్చారు. ఆయన నుదుటి మీద బూడిద శిలువ ఉంది. నేను చూసీచూడనట్టు ఊరుకున్నాను. ఆయన ఊరుకోలేదు.

“మా మట్టలే కదా బాబూ. మావి మాకు పెట్టేరు, అంతే.”

బండి కదిలింది. పెట్టెలో నలుగురైదుగురి నుదుళ్ల మీద అదే బూడిద. దువ్వాడలో ఇంకో కుటుంబం అలాగే ఎక్కింది. పాత కట్టడాల్ని కొత్త చోటికి తెచ్చుకునేవాళ్లు పలకలకి నంబర్లు వేస్తారు గానీ, కొత్త చోట ఏ గాలి వీస్తుందో అడగరని కిటికీ పక్క కూర్చుని అనుకున్నాను. ఎదుటి సీటావిడ కునుకుతూ నుదురు కిటికీ ఊచకి ఆనించింది. ఎండ సూటిగా ఆ శిలువ మీద పడుతోంది. మూడు రోజులుగా ఈత మట్ట మీద ఎండ పడితే ఉలిక్కిపడుతున్నవాణ్ణి, కాలిపోయిన మట్టకి ఇంకేం భయమని ఈసారి జంతికలు తింటూ కూర్చున్నాను.