నేను చూడని సగం తోట

ఆ రోజు ముసునూరు దగ్గర ఒక రైతు బంగినపల్లి తోటకి కాపు అంచనా వేయడానికి వెళ్లాను. కోతకి ముందు చెట్ల మధ్య నడిచి, ఎన్ని టన్నులు దిగుతాయో చెప్పడం ముప్పై ఏళ్లుగా నా పని. నూజివీడు చుట్టుపక్కల నా మాటకి తిరుగులేదని కాస్త పొగరు కూడా ఉండేది. పొద్దుటి నుంచి తల బరువుగా ఉన్నా ఎండవల్లేలే అనుకున్నాను.

"పది టన్నులు" అని చెప్పాను.

రైతు నా మొహంకేసి చూశాడు. "అదేంటి బాబాయ్, ఎడం పక్క వరసలు చూడలేదా? ఇరవైకి తగ్గదు కదా."

"నాకు నేర్పుతావా?" అని కసిరాను. గేటు దాటుతూ స్తంభానికి ఎడమ భుజం కొట్టుకుని పడబోయాను. అతనే కారెక్కించి విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

ఎమ్మారై తీసి స్ట్రోక్ అన్నారు. డాక్టరమ్మ కాగితమిచ్చి మామిడి చెట్టు గీయమంది. గీశాను.

"ఎడం వైపు కొమ్మలేవండీ?"

"ఉన్నాయి కదమ్మా, నిండు చెట్టు."

"మీ కళ్లు బాగానే ఉన్నాయండీ. మెదడే ఎడం వైపుని పట్టించుకోవట్లేదు. లెఫ్ట్ నెగ్లెక్ట్ అంటాం. లోపం ఉన్న సంగతి మీకే తెలీదు" అంది. నాకు నవ్వొచ్చింది. నా గురించి నాకు తెలియదా?

ఇంటికొచ్చాక ఆ నవ్వు పోయింది. కంచంలో కుడి సగం తినేసి, కూర వేయలేదని మా ఆవిడ సరోజ మీద అరిచేవాణ్ణి. ఆమె కంచం తిప్పితే కూర కనపడేది. సీజన్ ముదిరినా ఫోన్ మోగలేదు. తోటలు చూడలేనివాణ్ణి, ఇంక నేనెవర్ని? పలకరించే దిక్కు లేదని ఏడ్చాను. సరోజ కూడా మందులిచ్చి మాయమైపోతోందని కుమిలిపోయాను.

ఇంటికొచ్చే థెరపిస్టు మంచం ఎడమ అంచుకి ఎర్రగుడ్డ కట్టించింది. "ఇది కనపడేదాకా తల తిప్పండి. కనపడలేదంటే మీరింకా సగమే చూసినట్టు" అంది. విసుక్కుంటూనే తిప్పేవాణ్ణి. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం గుడ్డ కనపడింది. దాని పక్కన కుర్చీ, కుర్చీలో సరోజ, గోంగూర ఒలుస్తూ.

"ఎప్పుడొచ్చావు?"

"నేనెక్కడికెళ్లానండీ? మీరు ఆసుపత్రి నుంచి వచ్చిన కాడి నుంచి ఇక్కడే కూర్చుంటన్నా. పిలిస్తే మీరు గోడకేసి తిరిగేవోరు."

"కుడి పక్కకి రావచ్చుగా?"

"అటు గోడేగా, ఎక్కడ కూర్చోను?"

తోట అంచనా తప్పినందుకన్నా దీనికే ఎక్కువ సిగ్గుపడ్డాను.

ఏడాదయింది. చాలావరకు తగ్గింది కానీ అలిసిపోతే మళ్లీ వస్తుంది. తోటలకి పిలిచేవాళ్లు తక్కువ. పిలిస్తే ఎడమ చివరి చెట్టుకి ఎర్రగుడ్డ కట్టించి నడుస్తాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు. ఒకప్పటి పేరు లేదు, ఒంటరితనమూ పూర్తిగా పోలేదు.

మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే పక్కన కూర్చుని పిలిచి ఊరుకోకండి. గడ్డం పట్టుకుని మెల్లగా మీ వైపు తిప్పుకోండి. నాకెవరూ లేరనిపించిన రోజున నేనైతే ఇప్పటికీ ఎర్రగుడ్డ దాకా తల తిప్పి చూస్తాను.