పైన తూర్పుగాలి, కింద నర్సప్ప సజ్జలు

1960ల మధ్యలో నేను రాయచూరులో వాతావరణ పరిశీలకుణ్ణి. హైడ్రోజన్ నింపిన రబ్బరు బెలూన్‌ను వదిలి, అది ఎటు కొట్టుకుపోతోందో థియోడొలైట్‌లో, అంటే కోణాలు కొలిచే దుర్భిణిలో చూసి నిమిషానికోసారి రాసుకునేవాణ్ణి. దాన్నిబట్టి ఏ ఎత్తులో గాలి ఎటు వీస్తోందో తెలిసేది. చేరి ఏడాది కాలేదు గానీ, అన్నీ తెలుసన్న పొగరు మాత్రం నిండుగా ఉండేది.

ఆ ఆషాఢంలో వానలు మొహం చాటేశాయి. ఒక ఉదయం ఆకాశం కడిగినట్టుంది. బెలూన్ మొదట తూర్పుకు పోయి, చాలా ఎత్తుకు చేరాక పడమరకు తిరిగింది. అంత పైదాకా నాకు బెలూన్ కనపడటం అదే మొదలు. సంబరం పట్టలేకపోయాను.

బజారు పనిమీద వచ్చిన దేవసూగూరు రైతు నర్సప్ప కంచె అవతల నిలబడి చూస్తున్నాడు. "ఏంది సారూ, గంత ఖుషీగున్నరు?"

"పైన తూర్పుగాలి తగిలిందయ్యా."

అతని మొహం వెలిగిపోయింది. "మా దిక్కు గా గాలి మళ్లితేనే వాన సారూ. మొదలేసిన సజ్జలు ఎండిపాయె. ఇంట్ల ఇంకొక్కసారికే ఇత్తులున్నయి. ఏయమంటరా?"

"వెయ్యి. రెండు రోజుల్లో వాన పడకపోతే నన్నడుగు!"

పది రోజులైనా చుక్క రాలలేదు. భయపడి మా సీనియర్‌కు సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు.

"వానకాలమంతా అంత ఎత్తున తూర్పుగాలే ఉంటుందయ్యా! హిమాలయాల వెనకున్న పీఠభూమి ఎండకు కాగుతుంది. ఆవిరి వానగా మారేటప్పుడు వదిలే వేడి దానికి తోడవుతుంది. ఆ వేడికి ఉత్తరాన పైగాలి ఒత్తిడి పెరిగి, మన నెత్తిమీద గాలి తూర్పు నుంచి వీస్తుంది. రేపు ఇక్కడ వాన పడుతుందని దానర్థం కాదు. అయినా బెలూన్ నీకు అంత పైదాకా ఎలా కనపడింది?"

"మబ్బు లేక," అన్నాను. మబ్బే లేనప్పుడు వాన ఎక్కడిదని అప్పుడు తట్టింది.

ఆదివారం బస్సెక్కి దేవసూగూరు వెళ్లాను. నర్సప్ప ఇంటికి తాళం వేస్తున్నాడు. భార్య, పిల్లలు మూటలతో వాకిట్లో ఉన్నారు. రెండోసారి వేసిన సజ్జలూ మట్టిలోనే పోయాయి; పోతనాళలో కాలువ కింద నాట్లు పడుతున్నాయట, కూలికి బయలుదేరారు.

"తప్పు నాదే నర్సప్పా. తెలియకుండా చెప్పాను."

అతను తాళం ఒకసారి లాగి చూశాడు. "తెల్వదని ఆ దినమే అంటే అయిపోవు గదా సారూ. వాన పడేదాక ఇత్తులు ఆపుకుంటుంటి."

తర్వాత సర్వీసంతా, వాన ఎప్పుడని ఎవరడిగినా, తెలియనప్పుడు తెలియదనే చెప్పాను. ఆ చిన్న మాట నేర్చుకోవడానికి నాకు ఒక ఇంటి విత్తనాలు కావలసి వచ్చాయి.