నడుం కొలత

“అమ్మాయీ, పొట్ట కోసి పక్కన సంచీ తగిలిస్తారటగా. కొలతలకొచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే?”

ఆపరేషన్ కావచ్చని నర్సు అనగానే, స్ట్రెచర్ మీద పడుకున్న దర్జీ మొదట అడిగింది ఇదే. బతుకుతానా అని కాదు. వీధిలో అందరికీ ఆయన టేపు మావయ్య. మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఇప్పుడు నర్సు దాన్ని తీసి కూతురి చేతిలో పెట్టింది. పొట్ట డోలులా బిగుసుకుంది. విరేచనం లేదు, గాలి కూడా కదలడం లేదు. తాగిన నీళ్లు తాగినట్టే కక్కేస్తున్నాడు.

“ముందు బతికి బట్టకట్టు నాన్నా. ముక్కుల సంగతి తర్వాత చూద్దాం,” అంది కూతురు.

డాక్టరమ్మ స్కాన్ చూసి వచ్చింది. “పేగులో గడ్డ అడ్డం పడింది. క్యాన్సర్‌లా ఉంది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఈమధ్య చిక్కిపోయారా? మలంలో రక్తం పడిందా?”

దర్జీ కూతురి వంక చూసి, “అబ్బే, అలాంటిదేం లేదండీ,” అన్నాడు.

కూతురు కుట్టుమిషను కింద పాకుతూ పెరిగిన పిల్ల. ఆయన ఒంటి మీంచి తీసిన ప్యాంటు నడుంపట్టీ తిరగేసింది.

“రెండుసార్లు లోపలికి పట్టావు. మళ్లీ మొన్న పొట్ట ఉబ్బాక విప్పి వదులు చేశావు. పాత సూది రంధ్రాలు ఇంకా ఉన్నాయి. ఏంటిది నాన్నా?”

ఎవరి ప్యాంటు వదులైనా “ఒంట్లో బాగుందా?” అని అడగనిదే పంపని మనిషి, తన నడుం తగ్గితే మాత్రం షట్టర్ సగం దించి, గుట్టుగా కుట్టుకున్నాడు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల గోడవైపు తిప్పుకున్నాడు.

“రక్తం పడుతోందమ్మా. చాన్నాళ్లుగా. మూలశంక అనుకున్నా. చెబుదామని నోరు తెరిస్తే, ఛీ, కూతురితో చెప్పే మాటేనా అనిపించేది. నిన్న విరేచనాల మాత్ర కూడా మింగా.”

“దారి మూసుకున్న పేగుకి ఆ మాత్రా? అందుకే నొప్పి అంత పెరిగింది,” అంది డాక్టరమ్మ.

కూతురు సైన్సు చదివింది. బిడ్డ తుమ్మితే చాలు, థర్మామీటర్ తీస్తుంది. తండ్రి చిక్కిపోవడం ఎలా కనబడలేదని ఆమె తనను తాను తిట్టుకుంటోందని ఆయనకు తెలుస్తూనే ఉంది. దాంతో ఆయన సిగ్గు రెట్టింపైంది.

గడ్డ ఉన్న ముక్క కోసేశారు. పొట్ట పక్కన మలం పట్టే సంచీ వచ్చింది. కీమో నడుస్తోంది. కొట్టు తెరిచేముందు దర్జీ ఆ సంచీకి మెత్తటి నూలుగుడ్డతో తొడుగు కుట్టుకున్నాడు. మొదటి గిరాకీ ముక్కు మూసుకోలేదు. జేబు ఇంత కిందికి పెట్టావేంటని పోట్లాడి పోయాడు.

ఒకరోజు కొట్టు నిండా జనం ఉండగా మనవరాలు, “అమ్మా, నాకు దొడ్డికి రావట్లేదు, నొప్పిగా ఉంది!” అని అరిచింది.

“ఛీ, మెల్లగా!” అంది కూతురు.

దర్జీ మిషను ఆపాడు. ముఖం మళ్లీ ఎర్రబడింది. ఈసారి తల తిప్పుకోలేదు.

“ఛీ అనకమ్మా. ఆ మాటకు భయపడే నేను ఇంతదాకా తెచ్చుకున్నా. ఎప్పట్నుంచి అని అడుగు.”

ఇప్పుడు ఆమె అలాగే అడుగుతోంది. పిల్లనీ, తండ్రినీ.