భయపడి మొక్కని మనిషి

డాక్టర్ సాబ్ ఇక లేరన్న మాట నాకు మందమర్రి మార్కెట్లో పాల దుకాణం దగ్గర తెలిసింది. దుకాణదారు పాల ప్యాకెట్టు నా చేతిలో పెడుతూ, కళ్ళెత్తకుండా అన్నాడు: "అన్నా, నీకెరుకేనా? సాబ్ పోయిండు. తెల్లారగట్ల నిద్రలనే పోయిండట."

"ఏ సాబ్?" అని అడిగాను.

మా ఊళ్ళో సాబ్‌లకు కొదువ లేదు. మేనేజరు సాబ్ ఉన్నాడు, పోలీసు సాబ్ ఉన్నాడు, బ్యాంకు సాబ్ ఉన్నాడు. ముందు ఏ మాటా తగిలించకుండా ఉత్త సాబ్ అంటే మాత్రం ఒక్కరే. ఆ సంగతి తెలిసే అడిగాను. దుకాణదారుకూ నేను తెలిసే అడిగానని తెలుసు. చిల్లర లెక్కపెట్టి నా ముందు పెట్టాడు.

ఇది చదివే మీలో చాలామంది నన్ను వాక్యం చెప్పేవాడిగా ఎరుగుదురు. నేను బడిలో చదువుకోలేదు. గనిలో టబ్బులనే తొట్టి బండ్లలోకి బొగ్గు ఎత్తుతూ, చేతికి దొరికిన గ్రంథం ఒక్కటే పట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. నరకాగ్ని గురించి నేను చెబుతుంటే చంటిపిల్లలు ఏడ్చేవారని మా చర్చి సంఘంలో ఇప్పటికీ నవ్వుకుంటారు. అలాంటివాడు, జన్మలో ఒక్కసారి కూడా ఏ దేవుడికీ చెయ్యెత్తి మొక్కని ఒక సోషలిస్టు డాక్టరు కోసం ఎందుకు ఏడుస్తున్నాడని మీరు అడగవచ్చు. అడగండి. నేనూ అదే అడుగుతూ కూర్చున్నాను.

సాబ్ హుజూరాబాద్ దిక్కు పెద్ద వ్యవసాయదారుల ఇంటి బిడ్డ. డాక్టరు చదువు పూర్తిచేసి, ఊళ్ళో తన వాటాకొచ్చిన భూమి దున్నేవాళ్ళకే రాసిచ్చి, ఈ బొగ్గు దుమ్ములోకి వచ్చి చిన్న దవాఖాన పెట్టారు. ఆ దవాఖాన ముందు ఒక పొడవాటి బెంచీ ఉండేది. ఎవరు ముందు వస్తే వాళ్ళు ముందు లోపలికి. అంతకు మించి అక్కడ చట్టం లేదు. ఒకసారి ఆయన పెదనాన్న కొడుకే కారు దిగి తిన్నగా లోపలికి నడవబోతే సాబ్ తెర పక్కకు జరిపి బెంచీ చూపించారు.

"ఏంరా తమ్మీ, సొంత అన్నను గూడ లైన్ల నిలవెడుతవా?"

"నిలవెడుతలేనే. కూసుండవెడుతున్న. గా అవ్వ పక్కపొంటి జాగ ఉన్నది సూడు."

ఆ పెద్దమనిషి తెల్లబట్టలతో, మునిసిపాలిటీ రోడ్లు ఊడ్చే అవ్వ పక్కన కూర్చున్నాడు. అవ్వ జరిగి చోటిచ్చి, "నీకేం రోగం బిడ్డా?" అని అడిగింది. అక్కడున్న నేను నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాను.

రోగిని మంచంతో సహా మోసుకొచ్చి, జనం దారివ్వకపోతే ఇంటి కప్పు విప్పి లోపలికి దించిన మిత్రుల సంగతి మా గ్రంథంలో ఉంది. వాళ్ళ విశ్వాసం ఎంతటిదో ఒకసారి సాబ్‌కు ఆవేశంగా చెప్పాను. అంతా విని, "ముందుగాలొచ్చినోళ్ళు ఏమన్నరు మరి?" అని అడిగారు. "మీ గ్రంథంల నడిచింది గాని, నా దగ్గర నడువది. లైను లైనే," అన్నారు. అన్నేళ్ళుగా చెబుతున్న కథలో, ఆ ఇంటి బయట నిలబడి ఉన్న మిగతా రోగుల్ని నేనప్పుడే మొదటిసారి చూశాను.

మా పరిచయం కూడా ఆ బెంచీ మీదే. సంఘంలోని ఒక ముసలమ్మను తీసుకుపోయాను. ఆమె లోపలికి పోగానే బయట నేను గొంతెత్తి ప్రార్థన అందుకున్నాను. తెర కదిలింది.

"ఎవరయ్యా గది? జర ఆగు. గీ అవ్వ గుండె సప్పుడు ఇందామంటె నా చెవులల్ల నీ ప్రార్థనే వడుతున్నది."

"దేవునికి ఇనవడాలె గద సార్."

"నీ దేవునికి చెవుడా?"

బెంచీ మొత్తం నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం నవ్వకుండా, "ముందుగాల నన్ను ఇననియ్యి. నేను ఇన్నంక నువ్వు ఎంతసేపు జేస్తవో జెయ్యి. నేనేం అడ్డమొస్త?" అన్నారు.

అదే మా ఇద్దరి మధ్య ఒప్పందమైంది. లోపల ఆయన చూసేవారు, బయటికొచ్చాక కావాలన్నవాళ్ళకు నేను ప్రార్థన చేసేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆయనే తెర ఎత్తి, "ప్రవక్తా, గీయన జర పరేషాన్ల ఉన్నడు, మాట్లాడు" అని పంపేవారు. ఇక ఏ మందూ పనిచెయ్యని రోగుల్నే అలా పంపేవారని నాకు తర్వాత అర్థమైంది. ఆ తర్వాత తెర కదిలినప్పుడల్లా బెంచీ మీంచి ముందే లేచి నిలబడేవాణ్ణి.

ఆయన ఎన్నికల్లో నిలబడిన సంగతి మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒకసారి గెలిచి అసెంబ్లీకి పోయారు. బస్సులో పోయి బస్సులో వచ్చారు. ఆ తర్వాత మళ్ళీ గెలవలేదు. ఎందుకు గెలవలేదో మందమర్రిలో ఎవరినడిగినా ఒకటే చెబుతారు: నినాదాలు ఇవ్వనివ్వలేదు కనుక.

ఆయన వెంట నడిచేది గని కార్మికులే. సగం మందికి ఊపిరితిత్తుల్లో దుమ్ము. గెలిచాక వచ్చిన ఎన్నికల్లో ఊరేగింపు కదలగానే ముందున్నవాడు "జిందాబాద్" అని ఎత్తుకున్నాడు, వెంటనే దగ్గు తెర పట్టుకుంది. సాబ్ జీపు ఆపించి దిగారు. అతని వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు ఒర్రొద్దు. ఊపిరి వీల్చు. ఎవ్వలూ ఒర్రొద్దు. చెయ్యి లేవట్టుండ్రి, చాలు," అన్నారు.

ఇక చూడండి. అటు పక్క పార్టీ బ్యాండు మేళంతో, పటాకులతో పోతుంటే, ఇటు సాబ్ వెనుక మనుషులు చేతులెత్తి చప్పుడు లేకుండా నడిచారు. హోటళ్ళ ముందు నిలబడ్డవాళ్ళు ఒకటే ఎగతాళి. "గిది ఓట్ల ఊరేగింపా, పీనుగ ఎల్తున్నదా?" "మూగోళ్ళ పార్టీరో!" పార్టీవాళ్ళు తలలు పట్టుకున్నారు. "సార్, గిట్లయితె ఓడిపోతం" అని బతిమాలారు. "ఓడిపోతె దవాఖానకు పోత. వీళ్ళ ఊపిరి వోతె నేనేడికి పోవాలె?" అన్నారు.

అప్పుడే నన్ను పిలిపించారు. "ప్రవక్తా, నీ ఊపిరి మంచిగున్నది. నేను సూసిన గద. నీ గొంతు నాకు జర అరువియ్యి."

"మనిషికి జై కొట్ట సార్. నా నోరు దేవునికే."

"నాకెవడు కొట్టమన్నడు? కాలనీకి నీళ్ళు గావాలె అని ఒర్రు. గది నీ దేవునికి ఇష్టమే గద?"

దాహం తీర్చడం గురించి నాకు అన్ని వాక్యాలు నోటికి వచ్చి ఉండగా ఇంకేమంటాను? ఊరేగింపు ముందు నేనొక్కణ్ణే "నీళ్ళు కావాలె" అని కేకలు వేస్తూ నడిచాను. వెనుక చప్పుడు లేకుండా చేతులు. ఆ ఎన్నికలో ఆయన ఓడిపోయారు. మర్నాడు మామూలుగానే దవాఖాన తెరిచారు. బెంచీ మీద కూర్చున్న వాళ్ళలో ఆయనకు ఓటెయ్యనివాళ్ళు ఎందరో ఉన్నారు. లైను లైనే.

భార్య పోయాక సాబ్ ఒంటరివారయ్యారు. పిల్లలు లేరు. చూపు తగ్గి, కాళ్ళకు వాపులొచ్చి, దవాఖాన మూతపడింది. ఇంతమంది ప్రాణాలు నిలిపిన మనిషి ఇంటికి సాయంత్రం పూట నేను తప్ప వచ్చేవాళ్ళు ఉండేవారు కాదు. పార్టీలో మిగిలినవాళ్ళు కొందరు ముసలివాళ్ళైపోయారు, కొందరు వేరే జెండా పట్టుకున్నారు. నేను పేపరు చదివి వినిపించేవాణ్ణి. వార్త మధ్యలో ఆయన తిట్టేవారు, వార్త అయ్యాక నేను వాక్యం అందుకునేవాణ్ణి. "శురూ జేసిండు" అని మొహం తిప్పుకునేవారు, లేచిపొమ్మని మాత్రం అనలేదు.

పోవడానికి కొద్ది రోజుల ముందు నేనే నోరు తెరిచి అడిగాను. అప్పటికి ఆయన తలకింద దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే తప్ప ఊపిరి ఆడటం లేదు.

"సార్, ఒక్క మాట. కోపం జెయ్యొద్దు."

"కోపం జేసే బలమేడున్నది? అడుగు."

"ఒక్కసారి నాతోని కండ్లు మూసుకోని మొక్కుండ్రి. ఒక్కటే సారి."

ఆయన నా చెయ్యి కోసం తడిమారు. చూపు ఆనదు కదా, నేనే అందించాను.

"నీకోసం మొక్కుమంటె మొక్కుత. నీ బిడ్డలు సల్లగుండాలె అని మొక్కుత. నాకోసం మాత్రం భయపడి మొక్క. భయపడి పెట్టే దండం లంచమే. బతికినన్ని దినాలు ఎవ్వనికి లంచమియ్యలే. సచ్చే ముంగట ఇయ్యాల్నా?"

"మరి నా సంగతేంది సార్? నేను అటు పోయినంక మీరు గాడ లేకుంటె?"

ఆయన ముఖంలో నవ్వు వచ్చింది. "గప్పుడు నువ్వు ఊకుంటవా? గాడ గూడ ఒర్రుతవు. నాకెరుకే."

ఆ రోజు ఇంటికి నడిచిపోతూ దారంతా ఏడ్చాను. మీకు నేను ఇన్నేళ్ళు చెబుతూ వచ్చింది ఏమిటి? నమ్మినవాడికి ఒక తావు, నమ్మనివాడికి ఒక తావు. గొంతు చించుకుని చెప్పాను. చెప్పిన మాట నిజమైతే నా స్నేహితుడు ఎక్కడికి పోతాడు? అబద్ధమైతే నేనెవణ్ణి? ఆ నడిమధ్యన నిలబడ్డవాడికి తోడు ఎవరూ ఉండరు. భార్యతో చెప్పుకోలేను. సంఘంతో అసలే చెప్పలేను. చెప్పుకోగలిగిన మనిషి ఒక్కరే. ఆయన గురించే ఆ బాధ.

సాబ్ తన దేహాన్ని మెడికల్ కాలేజీ పిల్లల చదువుకు ఇవ్వాలని ముందే చెప్పి పెట్టారు. అందుకని ఆయన పోయిన రోజు పాడె కట్టే పని లేదు, గొయ్యి తవ్వే పని లేదు. కరీంనగర్ నుంచి వచ్చిన బండిలో ఎక్కించారు. నలుగురు ఎర్రజెండా కప్పి, కాలేజీవాళ్ళు చెప్పగానే మళ్ళీ తీసి మడిచారు. బండి మలుపు తిరిగింది. అంతే. పిడికెడు మట్టి వెయ్యడానికి లేదు, నిప్పు పెట్టడానికి లేదు. జనం రోడ్డు మీద ఉత్త చేతులతో నిలబడిపోయారు.

అప్పుడు ఒకామె నా దగ్గరికి వచ్చింది. గనిలో కప్పు కూలి భర్తను పోగొట్టుకున్న మనిషి. మా సంఘంలో ముందు వరసలో చాప మీద కూర్చుని నా ప్రతి మాటా వినేది.

"అన్నా, ఒకటడుగుత. నీ లెక్కల జూస్తె సాబ్ ఏడికి వోయినట్టు?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఆగి విన్నారు. సంచిలో గ్రంథం ఉంది. తెరిస్తే ఏ పేజీలో ఏముందో నాకు తెలుసు. ఎడారిలో జనాన్ని నడిపించిన పెద్దమనిషి, వాళ్ళు తప్పు చేసినప్పుడు దేవుడి ముందు నిలబడి, వీళ్ళను క్షమించకపోతే నా పేరు కూడా కొట్టెయ్యి అన్న తావు ఉంది. ఎన్నోసార్లు చదివాను, ఎన్నడూ దాని మీద ప్రసంగం చెయ్యలేదు.

"నాకెరుక లేదమ్మా," అన్నాను. "ఒక్కటి మాత్రం జెప్త. సాబ్ యాడుంటె నన్నూ గాడికే తోలుమని అడుగుత. గది మంచి జాగైనా, కాకున్నా."

ఆమె నన్ను తేరిపార చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అట్లనకే అన్నా. మీరిద్దరు ఒక్క తాన జేరితె గాడ గూడ ఎవ్వల్ని పండుకోనియ్యరు," అంది. ఎవరో నవ్వారు. నవ్విన గొంతే వెక్కింది.

జనం ఒక్కొక్కరే కదిలిపోయారు. నేను బస్టాండు దాకా వచ్చేసరికి లక్సెట్టిపేట బస్సు దిగిన ఒక ముసలాయన బంతిపూల దండ రెండు చేతులతో పట్టుకుని వస్తున్నాడు. దండ వాడిపోకుండా ఉండాలని నీళ్ళు చల్లి తెచ్చాడు.

"సాబ్‌ను ఏడ పెట్టిండ్రు బిడ్డా?"

"ఏడా పెట్టలే తాతా. కరీంనగర్ తీస్కవోయిండ్రు, పిల్లల సదువుకు."

"గాడికి వోతె సూడనిస్తరా?"

"ఇయ్యరు."

ఆయన దండ వైపు చూసుకున్నాడు. "మా ఊరికి మీటింగుకు వచ్చినప్పుడు మా ఇంట్ల కింద కూసోని అంబలి తాగిండు," అన్నాడు. దండ ఎక్కడ వెయ్యాలో నన్ను అడుగుతున్నాడని అర్థమైంది. చెయ్యి పట్టుకుని తిరిగి పోయే బస్సు ఎక్కించాను.

కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది. దండను మాత్రం అక్కడ పెట్టలేదు. ఒళ్ళోనే, రెండు చేతుల మీద, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు. బస్సు కదిలింది. దండలోని నీళ్ళు ఇంకా ఆయన ధోవతి మీదికి కారుతూనే ఉన్నాయి.