గోడ తాగిన నీళ్ళు

పొయ్యి మీది గిన్నె మూత తీసి చూసి గుర్వమ్మ కోడలి వైపు తిరిగింది. మెడ ఒక్కటే తిరగదు, మనిషి మొత్తం తిరగాల్సిందే.

"గీ బియ్యం ఏ నీళ్ళల్ల ఉడుకుతున్నయే మంజులతా?"

"బోరు నీళ్ళే అత్తా. మన కింది వాడకు నల్లా రాక నాలుగొద్దులాయె. మా అన్న పొద్దుగాల్నుంచి కూసోనే ఉన్నడు."

ఆరు నెలలు నిండిన మనవరాలు దీప్తికి ఆ రోజు మొదటి అన్నం పెట్టాలి. అందుకే మేనమామ లింగస్వామి హాలియా నుంచి వచ్చాడు. గుర్వమ్మ గిన్నె దించి అన్నం పెరట్లో పారబోసింది.

దేవరకొండ పక్కనున్న ఈ ఊరికి ఆమె కోడలిగా వచ్చిన ఏడాదే బోరు పడింది. కొబ్బరికాయలు కొట్టి మరీ తాగారు. తేటనీళ్ళు, ఎవరికి అనుమానం? దేవరకొండ కోట ఎక్కితే పాతకాలం వాళ్ళు రాయి తొలిచి వాననీరు పట్టుకున్న గుంటలు కనిపిస్తాయి. భూమి పొట్టలోకి గొట్టం దించింది మాత్రం మన తెలివే. ఆ నీళ్ళలోని ఫ్లోరైడు గుర్వమ్మ మోకాళ్ళు బిగించేసింది, కొడుకు నర్సింహకు గారపళ్ళు మిగిల్చింది. తెలంగాణ వచ్చాక నల్లాల్లో కృష్ణ నీళ్ళు వచ్చాయి. మనవరాలు పుట్టినప్పుడే, దాని కడుపులో బోరు చుక్క పడనివ్వనని ఆమె అనుకుంది.

ఎగువ వాడలో నీళ్ళు వస్తున్నాయని విని, చెంబూ కర్రా పట్టుకుని బయలుదేరింది. అక్కడ కమలాకర్ నల్లాకు మోటరు బిగించి, కిందికి పోయే నీళ్ళన్నీ లాగి కొత్తింటి గోడలు తడిపిస్తున్నాడు.

"నీకు బోరు లేదా కమలాకర్?"

"ఉంది పెద్దమ్మా. ఆ నీళ్ళు కొడితే గోడ చవుడెక్కుతదని మేస్త్రి చెప్పిండు. సిమెంటు ఖరాబైతదట."

గుర్వమ్మ కర్రతో తడి గోడను తట్టింది.

"నీ గోడకు మేస్త్రి చెప్పిండు. నా మోకాళ్ళ బొక్కలకు చెప్పెటోడు లేకపాయె. గోడకు పనికిరాని నీళ్ళు కింది వాడ పోరగాండ్లకు పనికొస్తయారా?"

"కోపం జేయకు. చెంబు ఇటు తే, నింపుత."

"చెంబెడు నేను పట్టుకపోతే మా పక్కింటి అండాలు పిల్లలేం తాగాలె? మోటరు బంద్ చెయ్యి."

"గోడ ఎండి పగుల్తది పెద్దమ్మా."

"పగలనీ. గోడకైతే అతుకేస్తరు."

ఆమె కూర్చోలేదు, మోకాళ్ళు వంగవు. ఎండలో, కర్ర ఆనించుకుని అక్కడే నిలబడింది. కమలాకర్ ఫోను తీసి చూసుకోసాగాడు. చివరికి మేస్త్రి మల్లయ్యే వెళ్ళి స్విచ్ కట్టేశాడు. ఆయనవీ గారపళ్ళే. కాసేపటికి కింది వాడలో బిందెల చప్పుడు మొదలైంది.

మంజులత మళ్ళీ వండింది. లింగస్వామి రెండు మెతుకులు మెత్తగా పిసికి నోట్లో పెడితే, దీప్తి మొహం చిట్లించి నాలుకతో బయటికి నెట్టింది. అంతలోనే మళ్ళీ నోరు తెరిచింది. అందరూ నవ్వారు. గుర్వమ్మ నవ్వలేదు, కొడుకుతో మాట్లాడుతోంది.

"రేపు తెల్లారకముందే మబ్బుల లేచి ఆ మోటరు చూసిరా నర్సింహా. మళ్ళ పెట్టిండంటే నన్ను లేపు."